తగ్గించినా తగ్గని ఫీజు

రైల్వే పనులకని హిందీ దేశం వలసొచ్చి మేం స్థిరపడ్డ లాల్‌ఖదాన్‌లో, రైలు పట్టాల పక్కన మా తెలుగు సమాజానికి స్థలం ఉంది. అక్కడ కల్యాణ మంటపం కట్టాలని పదేళ్ళుగా అనుకుంటున్నాం. చందాలు పోగయ్యాయి. ప్లాను ఎవరు గీయాలో తేల్చడానికి ఆదివారం పొద్దున మీటింగు పెట్టారు.

నేను మీటింగుల్లో మాట్లాడను. ముప్పై ఆరేళ్ళు రైల్వే బ్రిడ్జి గ్యాంగులో చేశాను. అక్కడ మాటకంటే సుత్తికే పని ఎక్కువ. కానీ ఆ రోజు తెల్లారకముందే లేచి చొక్కా తొడుక్కుని కూర్చున్నాను. కారణం తనూజ.

తనూజ మా గ్యాంగులో చేసిన వేణుగోపాల్ మనుమరాలు. ఆర్కిటెక్టు చదువు ముగించి ఏడాదైంది. సొంతంగా ఒక్క పనీ దొరకలేదు. ఈ మంటపం కూడా దొరక్కపోతే సోమవారం రాయపూర్‌లో ఒక ఆఫీసులో చేరి, ఇంకొకరు గీసిన బొమ్మలు కంప్యూటరులో దిద్దుకోవాలి. నెల రోజుల కింద స్థలం కొలిచినప్పుడు టేపు రెండో కొస పట్టుకున్నది నేనే. తనూజ అక్కడ మనిషి లోతు గొయ్యి తవ్వించింది. పైనంతా కన్హార్, వానకి ఉబ్బి ఎండకి చీలే నల్లమట్టి. అడుగున గట్టి మొరం తగిలింది.

“తాతా, పునాది ఇక్కడిదాకా దిగాలి. దిగితే పైన కాలమ్స్ తక్కువైనా చల్తా హై,” అంది.

ఇంజనీర్లని చాలామందిని చూశాను. గోతిలోకి దిగి మట్టిని చేత్తో నలిపి చూసినవాళ్ళు ముగ్గురో నలుగురో.

మీటింగుకి రేకుల షెడ్డు కింద సరిగ్గా నలభై మందిమి కూడాం. ప్రెసిడెంటు నాగభూషణం రిటైరైన రైలు గార్డు. గొడవ ముదిరితే విజిల్ ఊదుతాడు.

ముందు శివాజీ లేచాడు. తిఫ్రాలో ఇళ్ళకి ప్లాన్లు గీసే ఇంజనీరు, మావాడే.

“మన సమాజం పని. నాకు ఫీజొద్దు. సేవ అనుకుంటాను. అంచనా నలభై ఆరు లక్షలు.”

చప్పట్లు మోగాయి. నేను కొట్టలేదు.

తరవాత తనూజ కాగితం విప్పింది. “మొదట నలభై లక్షలు వచ్చింది. నూటికి ఐదు నా ఫీజు. ఆర్కిటెక్టుల కౌన్సిల్ రేట్ల కాగితం చూసే అడుగుతున్నాను. తరవాత మధ్య వరస కాలమ్స్ తీసేసి, స్లాబు బదులు కప్పుకి ఇనప చట్రం, అదే ట్రస్సు, వేశాను. ఇప్పుడు ముప్పై నాలుగు లక్షలే.”

“ఓలమ్మా, గీతకింతని లెక్కేటే పిల్లా?” అంది ముందు వరసలో కూర్చున్న ముసలి అప్పయమ్మ. అందరూ నవ్వారు.

నేను వేళ్ళమీద లెక్క కట్టాను. నలభై మీద అయితే ఆమెకి రెండు లక్షలు. ముప్పై నాలుగు మీద లక్షా డెబ్భై వేలు. మాకు ఆరు లక్షలు మిగిల్చి, తన ముప్పై వేలు తానే కోసుకుంది! ఆ సంగతి షెడ్డులో ఒక్కరికీ తట్టలేదు. నాకు కూర్చోబుద్ధి కాలేదు. లేచాను.

“పైడిరాజు మావ లేచాడ్రా!” ఎవరో అన్నారు.

“శివాజీ, నీ ప్లానుకి ఇనుము ఎక్కడ కొనాల?”

“తిఫ్రాలో నాకు తెలిసిన షాపుంది బాబాయ్. సిమెంటూ అక్కడే.”

“ఇంకోచోట కొంటే?”

“అలా కుదరదు బాబాయ్. అక్కడే కొనాల,” అన్నాడు శివాజీ.

“అచ్ఛా! సేవ ఆ షాపులో ఉందన్నమాట,” అంది అప్పయమ్మ.

గోల లేచింది. విజిల్ మోగింది. శివాజీ మొహం ఎర్రబడింది. “అవును, కమీషను తింటాను. పన్నెండేళ్ళ నుంచి గీస్తన్నాను. ఫీజన్నది ఎవుడిచ్చాడు నాకు? మనోడివే కదాని చాయ్ పట్టించి ఒగ్గేశారు. ఇక్కడున్నోళ్ళలో ఐదుగురి ఇళ్ళు నేను గీసినవే. ఇల్లెలా నడపాల నేను?”

ఆ ఐదుగురూ తల వంచుకున్నారు.

నాగభూషణం గొంతు సవరించుకున్నాడు. “సరే, తనూజకే ఇద్దాం. ఏటమ్మా, మన పిల్లవే కదా, యాభై వేలకి చేసెయ్.”

తలలు ఊగాయి. తనూజ కాగితం చుట్టడం మొదలెట్టింది. “రేపు డ్యూటీలో చేరాలి అంకుల్,” అంది.

నేను బల్ల దగ్గరికి వెళ్ళాను. “నాగభూషణం! మనోడివే అని శివాజీ ఫీజు ఎగ్గొట్టారు. ఇప్పుడు మన పిల్లవే అని నువ్వేటి చేస్తన్నావు? రూలు రాయండి. ఈ పిల్లకే కాదు, రేపు ఎవరొచ్చినా అదే. రేట్ల కాగితం చూసి మొదటి అంచనా మీద ఫీజు కట్టేద్దాం. తరవాత ఖర్చు పెరిగితే ఫీజు పెరగదు. తగ్గినా తగ్గదు. షాపు దగ్గర పైసా ముట్టకూడదు.”

“తగ్గితే ఎందుకు తగ్గదు మావా?” వెనకనుంచి ఒకడు అడిగాడు.

“మనకి ఆరు లక్షలు మిగిల్చినందుకు ముప్పై వేలు జుర్మానా ఏస్తావేట్రా? అలాగేస్తే రేపు ఎవుడు తగ్గిస్తాడు?”

“చేతులెత్తండి,” అన్నాడు నాగభూషణం. అప్పుడే బొగ్గు గూడ్సు వచ్చింది. షెడ్డు రేకులు దడదడలాడుతున్నాయి. నాగభూషణం వేలు చూపిస్తూ ఒక్కో చెయ్యీ లెక్కపెడుతున్నాడు. నేనూ లెక్కపెడుతున్నాను. పద్దెనిమిది. పంతొమ్మిది. అప్పయమ్మ రెండు చేతులూ ఎత్తింది. నాగభూషణం ఒకటి దించమని సైగ చేశాడు. ఇరవై. ఇంకొక్కటి కావాలి. ఇటు చూశాను, అటు చూశాను. నా చెయ్యి ఎత్తానో లేదోనని మళ్ళీ చూసుకున్నాను.

వెనక గోడకి ఆనుకున్న శివాజీ మెల్లగా చెయ్యెత్తాడు.

ఇరవై ఒకటి!

అరిచానో ఏమో నాకు తెలియదు. గూడ్సు ఇంకా పోతూనే ఉంది. అది దాటేసరికి రూలు పుస్తకంలోకి ఎక్కింది, కింద నాగభూషణం సంతకం పడింది. తనూజ ఫీజు రెండు లక్షలు. ఆమె ఫోను తీసి రాయపూర్ ఆఫీసుకి రానని మెసేజ్ పెట్టేసింది. చుట్టిన కాగితం మళ్ళీ బల్లమీద పరిచింది.

“తాతా, ఏక్ మినిట్. మెట్లు బయటికి జరిపితే ఇంకో లక్ష మిగులుతుంది.”

“ముందే ఎందుకు చెప్పలేదే?” అన్నాను.

“నా ఐదు వేలు పోతాయని దాచాను. సారీ.”

నాగభూషణం నోరు తెరిచాడు. అప్పయమ్మ కడుపు పట్టుకుని నవ్వుతోంది. శివాజీ జనాన్ని తోసుకుని బల్లమీదికి వంగాడు.

“మెట్లు ఎటేపు? రోడ్డేపా, పట్టాలేపా?” అని అడిగాడు. తనూజ పెన్సిలు అతని చేతికిచ్చింది.