శివారు వంతు

ఆ ఆదివారం ఇంట్లో ఐదుగురున్నారు. పడమటి గదిలో తాతయ్య వెంకటరత్నం గారు, వంటింట్లో అమ్మ పావని, వసారాలో గణేష్‌బాబు బాబాయి, నులక మంచం మీద తలకిందులుగా వేలాడుతూ బాబాయి కొడుకు వరుణ్, అందరి వెనకా గుమ్మం చాటున హరిచందన. నాన్న కొబ్బరికాయల లోడుతో తుని వెళ్ళాడు.

కాలవలో పూడిక తీసే పొక్లెయిన్ వీధి మొత్తానికీ వైఫై తీగ తెంపేసింది. అప్పట్నించీ ఇల్లంతా బాబాయి ఫోను హాట్‌స్పాట్ మీదే బతుకుతోంది. రోజుకి రెండు జీబీ. మొదటి రోజే అది మధ్యాహ్నానికి ఆవిరైపోయి తండ్రీకొడుకులిద్దరూ తగువు పడితే, తాతయ్య వంతులు పెట్టేశారు. ఆయన ఒకప్పుడు నీటి సంఘం ప్రెసిడెంటు. దాళవా పంటకి నీళ్ళు చాలని ఏడాది, వంతు తప్పాడని సొంత బావమరిది తూముకే తలుపు దించేసిన మనిషి. ఆ బావమరిది ఇవాళ్టికీ ఈ గడప తొక్కడు.

"పొద్దున్న గణేషు, మధ్యాహ్నం వరుణు, సాయంత్రం ఐదు నుంచి చందన. ఎవరి వంతు కానప్పుడు వాళ్ళ ఫోనులో వైఫై కట్టేసుకోవాలి," అన్నారాయన.

చందనది శివారు వంతు. కాలవ చివరి చేలకి నీళ్ళు ఎప్పుడూ ఆఖర్నే వస్తాయి. ఒక్కోసారి రానే రావు.

ఆ సాయంత్రం ఆరింటితో చందన ఆన్‌లైన్లో పెట్టాల్సిన పాలిటెక్నిక్ కాలేజీల ఆప్షన్లు మూసేస్తారు. పెట్టకపోతే ఈ ఏడాదికి సీటు లేనట్టే. ఆదివారం కాబట్టి పక్కనున్న రామచంద్రపురంలో నెట్ సెంటరు కూడా తీయరు. చందన ఫోనులో సిమ్ము లేదు.

ఐదు దాటాక, చందన ఇంకా వైఫై పెట్టకముందే, బాబాయి ఫోను టింగుమంది.

"ఇదేంట్రా! తొంభై శాతం అయిపోయిందంటున్నాడు!" బాబాయి లేచి కూర్చున్నాడు. "ఒరేయ్ వరుణూ, ఆ తుపాకుల ఆట ఆడావు కదూ?"

"నేనా! ఒట్టు నాన్నా, ఒక్క గేమే. అక్కే రీల్సు చూసుంటుంది."

చందన గుమ్మం చాటుకి ఇంకాస్త జరిగింది. వంటింట్లోంచి అమ్మ గరిటెతో సహా వచ్చింది. "దానికి నోట్లో నాలుకే లేదు, రీల్సు కూడానా! మరిదిగారూ, కాస్త చూడండి, పిల్ల చదువండీ."

"సరే వదినా, ఇంకో ప్యాకు వేసేస్తాను, గొడవ వదిలిపోద్ది."

"ఆగరా." తాతయ్య గుమ్మంలోకి వచ్చారు. "గండి ఎక్కడుందో తెలుసుకోకుండా ఇంకో తూము ఎత్తుతావా? అదీ పోద్ది. ముందు దొంగెవడో తేలాలి. ఫోన్లన్నీ ఇక్కడ పెట్టండి."

వరుణ్ ఫోను, చందన ఫోను బల్ల మీదకొచ్చాయి. రెంటిలోనూ వైఫై కట్టేసే ఉంది. అయినా బాబాయి ఫోనులో డేటా అంకె పెరుగుతూనే ఉంది.

దొంగెవరో చందనకి మధ్యాహ్నమే తెలుసు. బాబాయి తన ఫోను చార్జింగు పెట్టమని ఇచ్చినప్పుడు, హాట్‌స్పాట్‌కి తగులుకున్న ఫోన్ల పేర్లు కనిపించాయి. చెప్పే ధైర్యం లేక ఊరుకుంది.

"దానికి ఎవరెవరు తగులుకున్నారో తెలుస్తుందటగా. చదవరా," అన్నారు తాతయ్య.

బాబాయి తెర మీద వేలు పెట్టి నొక్కాడు. చూశాడు. ఫోను చందన చేతిలో పెట్టేశాడు. "నాకు కళ్ళజోడు లేదు. నువ్వు చదువమ్మా."

"నువ్వెప్పుడు పెట్టుకున్నావు నాన్నా కళ్ళజోడు?" అన్నాడు వరుణ్. బాబాయి వాడి డొక్కలో పొడిచాడు.

ఐదూ ముప్పై దాటింది. తాతయ్య చూపు చందన మీదే ఉంది. గడప తొక్కని ఆ బావమరిది గుర్తొచ్చాడామెకి.

"ప్రెసిడెంట్... అని ఉందండి, తాతయ్యా."

ఆ పేరు పెట్టినవాడు వరుణే. మొన్న అన్నవరం స్వామి కల్యాణం చూపించడానికి తాతయ్య ఫోనుకి హాట్‌స్పాట్ కలిపి, సరదాకి పేరు కూడా మార్చాడు. ఇప్పుడు మెల్లిగా మంచం దిగి గోడవైపు జరుగుతున్నాడు.

"నేను పొద్దుట్నించి ఫోను ముట్టుకోలేదు," అన్నారు తాతయ్య. గొంతు పెరగలేదు. అదే ఎక్కువ భయంగా ఉంది.

"ముట్టుకోకపోయినా తాగేస్తుందండి. హాట్‌స్పాట్‌ని అది మన ఇంటి వైఫై అనుకుంటుంది. ఎంతైనా ఉందిలే అనుకుని వాట్సాప్ గుంపుల్లో వచ్చే వీడియోలూ, అప్‌డేట్లూ అన్నీ దింపేసుకుంటుంది."

ఇన్ని మాటలు ఒక్కసారి ఆ పిల్ల నోట ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. అమ్మ గరిటె దించింది.

తాతయ్య లోపలికెళ్ళి తలగడ కింద నుంచి ఫోను తెచ్చారు. వేడిగా ఉంది. "కట్టెయ్యి," అని చందనకిచ్చారు. ఆమె రెండోసారి నొక్కాక వైఫై ఆరింది. బాబాయి ఫోనులో అంకె ఆగిపోయింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"మధ్యాహ్నమండి."

"మరి నోరెందుకు మెదపలేదు? శివారువాడు గట్టు మీదకొచ్చి కేకెయ్యకపోతే ఎగువవాడికేం తెలుస్తుంది?"

ఆయన చందన రెక్క పట్టుకుని పడమటి గదిలోకి నడిపించారు. దెబ్బ పడుతుందనుకుని అమ్మ రెండడుగులు ముందుకేసింది.

సిగ్నలు బాగా వచ్చేది ఆ గది కిటికీ దగ్గరే. ఆయన బాబాయి ఫోను కిటికీలో నిలబెట్టి, తన పడక్కుర్చీని వసారాలోకి ఈడ్చి గుమ్మానికి అడ్డంగా వేశారు. తన ఫోను అమ్మ చేతిలో పెట్టారు.

"ఎవరి ఫోను మోగినా, ఎవరు పిలిచినా, ఆరింటిదాకా ఈ గదిలోకి ఎవడూ అడుగుపెట్టడానికి లేదు," అన్నారు అందరికీ వినబడేలా.

చందన ఫోనులో పేజీ తెల్లగా ఉంది. మధ్యలో చుక్క తిరుగుతోంది. కాలేజీ పేర్లు ఒక్కొక్కటే రావడం మొదలైంది.

తాతయ్య బయట నుంచి తలుపు దగ్గరగా లాగి మూసేశారు.