పిచ్చమ్మ పై దవడ పన్ను

పిచ్చమ్మ ఎడమ చెంప బూరెలా పొంగింది. మిరపకోతలు వదిలేసి, తుళ్లూరు అవతల నుంచి బస్సెక్కి, బ్రాడీపేటలో డాక్టర్ శ్రీదుర్గ క్లినిక్‌కి వచ్చి పడింది.

ఎక్స్‌రే చూసి శ్రీదుర్గ పెదవి విరిచింది. పై దవడ పన్నుకి ఎప్పుడో రూట్ కెనాల్ చేసి, మీద క్యాప్ తొడిగారు. వేరు కొసన నల్లటి మచ్చ కనబడుతోంది.

"ఎవరు చేశారండీ ఈ ఘనకార్యం?" అని అడిగిందే గానీ, జవాబు వినకుండానే సూది అందుకుంది. మత్తు ఎక్కాక పన్ను చుట్టూ రబ్బరు షీటు బిగించింది. ఇక పిచ్చమ్మ మాట్లాడటానికి లేదు.

క్యాప్ తొలచగానే గుప్పున కంపు కొట్టింది. పంటి వేళ్ళలో నాలుగు సన్నని దారులుంటే, మూడే పూడ్చారు. నాలుగోదాని జోలికే పోలేదు. చీము అంతా అందులోనే ఉంది.

"చూశావా సైదా?" అంది శ్రీదుర్గ తన దగ్గర పనిచేసే నర్సుతో. "లోపల కుళ్ళు, పైన తళుకు! ఇరవై నిమిషాల్లో ముగించేసి ఉంటాడు మహానుభావుడు. ఇరవై నిమిషాల్లో నేను గోంగూర కూడా శుభ్రంగా కడగలేను. వీళ్ళకి పట్టాలిచ్చిన వాళ్ళననాలి."

పిచ్చమ్మ చెయ్యి ఊపింది.

"నొప్పా? లేదుగా? కదలకండి."

వెంట్రుకంత సన్నని ఫైలుతో గీకడం, మందునీళ్ళతో కడగడం, మళ్ళీ గీకడం. గంటసేపు అదే పని. గంటసేపూ ఆ ముక్కూమొహం తెలియని డాక్టర్ని ఉతికి ఆరేసింది. నీళ్ళు తేటగా వచ్చాక లోపల మందు పెట్టి, పైన మూసి, షీటు తీసింది.

పిచ్చమ్మ తిమ్మిరెక్కిన పెదవులు తుడుచుకుంది.

"ఆ డాక్టరు నువ్వేనమ్మా."

"ఏంటండీ?"

"నాలుగేళ్ళ కిందట, ఆ అద్దాల ఆస్పత్రిలో. అప్పుడు నీకు కళ్ళజోడు లేదు. నొప్పి తెలవకుండా చేశావని నీ పేరు అడుక్కుంటా ఇట్టా వచ్చా. చెబుదామని చెయ్యూపితే పట్టించుకోలా."

శ్రీదుర్గ కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. ఆ రోజుల్లో తలుపు దగ్గర నిలబడి "నెక్స్ట్, నెక్స్ట్" అని తరిమే యజమాని గుర్తొచ్చాడు. ఆ మాటే చెప్పబోయింది. అంతసేపు తిట్టిన నోటికి ఆ సాకు చేదుగా తగిలింది.

"తప్పు నాదేనండీ."

"సర్లే. మళ్ళీ ఎప్పుడు రావాలో చెప్పు. కూలోళ్ళు ఎదురుచూస్తుంటారు."

వారానికి వాపు తగ్గింది. రెండోసారి మళ్ళీ కడిగి, నాలుగు దారులూ పూడ్చింది శ్రీదుర్గ.

ఆ మధ్యాహ్నమే పాత ఆస్పత్రికి ఫోన్ చేసి, అప్పట్లో తను చూసిన పేషెంట్ల జాబితా అడిగింది. అటు మేనేజరు నవ్వాడు.

"ఎందుకు మేడం? ఎవరూ కంప్లయింట్ చెయ్యలేదుగా!"

"ఛీ" అని ఫోన్ పెట్టేసింది. ఆ ఛీత్కారం ఎవరిమీదో తనకే సరిగ్గా తెలియలేదు. కాగితం తీసుకుని గుర్తున్న పేర్లు రాయడం మొదలుపెట్టింది. సాయంత్రానికి పదకొండు తేలాయి.

"సైదా, ఒక్కొక్కరి నంబరూ ఎట్లాగైనా కనుక్కో. డాక్టరమ్మ మీ పన్ను ఇంకోసారి చూస్తానంటోందని చెప్పు."