దీక్షలో ఆయన, స్కానింగ్‌లో నేను

నందిగామలో స్కానింగ్ చేసే ఫ్లోరెన్స్ డాక్టరుగారు తెర నావైపు తిప్పారు. నల్లగా, గుండ్రంగా ఏదో కనిపించింది.

“గుడ్డు బాగా ఎదిగిందమ్మా నీహారికా. రేపటికల్లా విడుదలవుతుంది. ఇవాళ, రేపు మీ ఆయనా నువ్వూ కలిసుండాలి.”

“కుదరదండి. ఆయన అయ్యప్ప మాల వేసుకున్నారు. నన్ను తాకకూడదు.”

“ఈ నెల్లోనా? ఎందుకమ్మా?”

“పిల్లలు పుట్టాలనండి.”

ఆవిడ నవ్వలేదు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

మొక్కు మా అత్తయ్య ప్రమీలారాణిది. ఈ నెల మందులు మొదలుపెడుతున్నాం, దీక్ష వచ్చే ఏడాది పెట్టుకోండని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. వింటేగా! నెలసరి వచ్చే ఆడది ఇంట్లో తిరిగితే మైలని, జగ్గయ్యపేట నుంచి నన్ను చిల్లకల్లు పుట్టింటికి తోలేశారు. సూదులు నాకు, స్కానింగులు నాకు, ‘ఇంకా ఏం లేదా’ అనే ఆరాలు నాకు. డాక్టరుగారు ఆయనకు రాసిన టెస్టు మాత్రం ఇంతవరకు చేయించుకోలేదు. మగాడికి టెస్టేంటని అత్తయ్య కోపం.

స్కానింగ్ ఫోటో పట్టుకుని నేరుగా జగ్గయ్యపేట బస్సెక్కాను. ఇంటి ముందు షామియానా వేసి స్వాములకు భిక్ష పెడుతున్నారు. అత్తయ్య నన్ను గేటు దగ్గరే ఆపేసి, గురుస్వామి రత్తయ్యగారిని కేకేసింది.

“మా కోడలు స్వామీ. దీని కడుపు పండాలని దీవించండి.”

విస్తళ్ళ ముందున్నవాళ్ళంతా నా పొట్ట వంక చూశారు. ఇక ఆగలేకపోయాను.

“నా కడుపుకి దీవెనలక్కర్లేదు అత్తయ్యా. దాని పని అది చేసింది, ఇదిగో ఫోటో. పిల్లల కోసం మొక్కి, వాళ్ళు కడుపున పడే రోజునే నన్ను గేటు బయట నిలబెట్టారు. దీవించేదేదో మీ అబ్బాయిని దీవించమనండి, టెస్టుకెళ్ళే ధైర్యం రావాలని!”

రత్తయ్యగారు మా ఆయన వైపు తిరిగారు.

“మందులు వాడుతున్నారని నాకు చెప్పలేదేం కల్యాణ్ స్వామీ? చెప్తే వచ్చే ఏడాది వేసుకోమనేవాణ్ణిగా.”

కల్యాణ్ నల్లపంచె సర్దుకుంటూ గేటు దాకా వచ్చాడు. దీక్షలో ఉన్నవాళ్ళు ఆడవాళ్ళందరినీ పిలిచే పిలుపుతోనే నన్నూ పిలిచాడు.

“మాతా, అందరి ముందూ ఏంటిది? వచ్చే నెల చూద్దాం.”

ఫోటో అతని చేతిలో పెట్టాను.

“వచ్చే నెల స్కానింగ్‌కి నేను పోను. మాల తీశాక ముందు మీరు నందిగామ వెళ్ళి టెస్టు చేయించుకోండి. అప్పటిదాకా అలాగే పిలవండి స్వామీ. ఈ ఇంట్లో నన్ను అమ్మా అని పిలిచింది మీరొక్కరే.”