అట్ట మీది పేరు

ఎనిమిది నెలలుగా ప్రతి శనివారం థాయ్ పట్టణం లంపాంగ్‌లోని మా మందుల షాపు వెనక గదిలో దావ్‌కి కెమిస్ట్రీ చెబుతున్నాను. పదకొండో తరగతి పిల్ల, నెమ్మదస్తురాలు. ఇలా పిల్లలకు సాయపడే మా అందరి సమావేశంలో మైకు పట్టుకుని నేనే ఉపన్యాసం దంచాను: "ముందు పిల్లలు చెప్పేది వినండమ్మా!" చప్పట్లు కూడా కొట్టారు.

నిన్న దావ్ వాళ్ళింటికి భోజనానికి పిలిచారు. బంకన్నం బుట్ట నా ముందు పెట్టి, వాళ్ళ అమ్మమ్మ కేకేసింది. "ఫాయ్, మంచినీళ్ళు తేవే!"

దావ్ లేచింది.

"ఫాయ్ ఎవరు?" అన్నాను.

ముసలావిడ పకపకా నవ్వింది. "ఇదేనమ్మా! పుట్టినప్పుడు దూదిపింజలా ఉందని నేనే ఈ ముద్దుపేరు పెట్టాను, ఫాయ్ అంటే దూదే కదా. ఇన్నాళ్ళూ ఏమని పిలుస్తున్నావేంటి?"

దావ్ నా పాత శిష్యురాలి ముద్దుపేరు. మెడిసిన్ సీటు తెచ్చుకున్న పిల్ల. సిగ్గులేని నోరు, అలవాటుకొద్దీ దీన్నీ అలాగే పిలిచేసింది.

"నువ్వైనా చెప్పొచ్చు కదే!"

"మొదటిరోజే చెప్పానక్కా. మీరు ఫోన్ చూసుకుంటున్నారు. మళ్ళీ చెబితే బాగోదని..."

పక్కనే బల్ల మీద ఆ పిల్ల పుస్తకాలున్నాయి. అన్ని అట్టల మీదా ఫాయ్ అనే ఉంది. నా దగ్గరికి తెచ్చే నోటుబుక్కు మీద మాత్రం, నేను చిన్నబుచ్చుకోకూడదని, గుండ్రంగా దావ్ అని రాసుకుంది.

భోజనం ముగించి లేచాను.

గుమ్మం దగ్గర "వెళ్ళొస్తా, ఫాయ్" అన్నాను.

ఆ పిల్ల గిరుక్కున వెనక్కి తిరిగింది, వాళ్ళమ్మమ్మ పిలిచిందనుకుని.