చెవి కోసిన మేక

ఆ వేసవిలో మదార్ సాబుకు అన్నిటికన్నా విసుగు పుట్టించింది తలుపు చప్పుడు. తట్టారంటే ఎవరికో జ్వరం, ఎవరికో దడుపు, ఎవరి బర్రెకో దిష్టి. కేతేపల్లికి పడమటి దిక్కున, రాళ్ల గుట్టలకూ ఎండిన కుంటకూ నడుమ ఉన్న ఆ చిన్న ఊరికి ముల్లా ఆయన ఒక్కడే. పీర్లకు ఫాతిహా చదవాలన్నా ఆయనే, పిల్లలకు తాయెత్తు కట్టాలన్నా ఆయనే. ఏ కులం ఇంట్లో మేకో యాటో తెగాలన్నా ముందు ఆయన నోట బిస్మిల్లా పడాల్సిందే. అరవై దాటిన మనిషి, భార్య పోయి ఒంటరైన మనిషి. మంత్రాలు చదివి ఊది ఊది ఆయన ఊపిరి అయిపోతోంది గానీ ఊరి జనం రోగాలు మాత్రం అయిపోవడం లేదు.

ఆ మధ్యాహ్నం తలుపు తట్టింది కురుమల భద్రమ్మ. కొంగు కింద మనవడున్నాడు.

"అన్నా, ఇంకో తాయెత్తు కట్టే. పోరడు ఏడుపు ఆపుతలేడు."

మదార్ సాబు పిల్లవాణ్ణి చూశాడు. నెలల పసికందు, పేరు సైదులు. మెడలో తాయెత్తు, జబ్బకు తాయెత్తు, మొలకు తాయెత్తు. అన్నీ తను కట్టినవే. ఇంకోటి కట్టడానికి ఆ ఒంటి మీద జాగా లేదు. ఏడుపు కూడా గట్టిగా లేదు, గొంతులోనే తిరుగుతోంది. అది చూసి ఆయనకు భయం వేసింది.

"ఏం తాగిపిస్తున్నరు చెల్లె?"

"ఏమున్నదన్నా, గంజి తేట. చక్కెర నీళ్లు. గవి గూడ కక్కుతాండు."

"మీ పక్కింటి సోమమ్మ పాలిస్తలేదా?"

"ఆమెకే తిండి లేకపాయె. ఆమె బిడ్డకే సాలుతలెవ్వు."

పిల్లవాడి తల్లి గుర్వమ్మకు బాలింత జ్వరం వచ్చింది. దవాఖానలో జ్వరమైతే తగ్గించారు గానీ పాలు ఎండిపోయాయి. రెండేళ్లుగా వానలు మొహం చాటేస్తే ఊళ్లో గడ్డిపరక లేదు. పాడి పశువులను సంతకు తోలేశారు. ఇంటి మందనంతా భద్రమ్మ కొడుకు మల్లప్ప మేత కోసం కృష్ణ ఒడ్డుకు తోలుకుపోయాడు. ఇక ఇంట్లో మిగిలింది ఒకే ఒక్క మేక.

ఆ మేక అప్పుడే బయట అరిచింది. భద్రమ్మ వెంట అది కూడా వచ్చి మదార్ సాబు గడప దగ్గర నిలబడింది. దాని పిల్లను ఈ మధ్యే తోడేలు ఎత్తుకుపోయింది. పొదుగు రాయిలా బిగుసుకుని, అడుగు వేయలేక కాళ్లు ఎడంగా పెట్టుకుని అరుస్తోంది. దాని ఎడమ చెవి నిలువునా రెండుగా చీలి ఉంది.

ఆ చెవి చీల్చింది మదార్ సాబే. కోడలి కడుపు పండక ఏళ్లు గడుస్తుంటే భద్రమ్మ గుట్ట మీది దర్గాకు మొక్కింది. మనవడు పుడితే ఆ ఏటి ఉర్సుకు మందలోని తొలిచూలు పిల్లతో కందూరు చేస్తానంది. మేకను కోసి ఊరందరికీ పెట్టే మొక్కు అది. తొలిచూలుకు ఆడమేకే పుట్టింది. అయితేనేం, మొక్కు మొక్కే. మదార్ సాబు దాని చెవి కోసి, నాలుగు ముక్కలు చదివి దేవుడి పేర వదిలాడు. ఇక ఆనాటి నుంచి దాన్ని అమ్మకూడదు, కొట్టకూడదు, ఊరి పొలిమేర దాటించకూడదు. మందతో పోకుండా మిగిలిపోయింది అందుకే. ఉర్సు ఇంకా రాలేదు. దాని పాలు దాని పిల్లకే చెందాలి, మనిషి చెయ్యి పడకూడదు. ఎవరి తాతలు పెట్టిన కట్టుబాటో ఎవరికీ తెలియదు. అందరూ పాటిస్తారు.

పిల్లవాడు పుట్టాలని మొక్కిన మేక పొదుగు పాలతో పగిలిపోతుంటే, ఆ పిల్లవాడు పాలు లేక ఎండిపోతున్నాడు. పెద్దవాళ్లిద్దరూ దాన్ని కళ్లారా చూస్తూ నిలబడ్డారు. భద్రమ్మ మాత్రం తాయెత్తు కోసం చెయ్యి చాచింది.

"నువ్వు పో చెల్లె. నేనే వస్త," అన్నాడు మదార్ సాబు.

ఆమె వెళ్లాక గూట్లోంచి ఖురాన్ తీశాడు. కల్వకుర్తిలో ఉన్న అల్లుడు తెచ్చిచ్చిన పుస్తకం. అరబ్బీ కింద ఉర్దూలో అర్థం ఉంటుంది. చిన్ననాటి నుంచి ఆయనకు అరబ్బీ నోటికి వచ్చు. చావుకూ పెళ్లికీ గడగడా చదివేసేవాడు. ఏం చదువుతున్నాడో మాత్రం తెలియదు, తెలుసుకోవాలని తోచనూ లేదు. భార్య పోయాక పొద్దు గడవక, దారం కట్టిన కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కొక్క ముక్క కూడబలుక్కోవడం మొదలుపెట్టాడు. దేవుడు ప్రతి పేజీలో బెదిరిస్తాడనుకున్నాడు. తీరా చూస్తే, ఆలోచించరా, చూడరా, బుద్ధి లేదా మీకు అని అడుగుతున్నాడు. ఇన్నేళ్లలో మదార్ సాబును ఆ మాట అడిగినవాళ్లు లేరు.

నిరుడు రంజాన్‌లో ఒక పేజీ దగ్గర ఆగిపోయాడు. పశువుల చెవులు కోసి మొక్కుగా వదలడం, వాటిని తమకు తాము నిషేధించుకోవడం అల్లా పెట్టిన విధి కాదని అందులో ఉంది. మనుషులే కల్పించి ఆయన పేరు పెట్టారట. ఆ కిందే, ఇదేమిటని అడిగితే మా తాతతండ్రులు చేసింది మాకు చాలునంటారని కూడా ఉంది. మదార్ సాబు పుస్తకం మూసేశాడు. ఊళ్లో ఎన్ని చెవులు కోశాడో ఆయనకు లెక్క లేదు. కందూరులో ముల్లా వాటా మీద ఆయన పొట్ట గడుస్తోంది. ఈ వయసులో ఎవరితో చెప్పాలి, చెప్పి ఏం తినాలి? ఓపిక లేదని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. నిజానికి సిగ్గేసింది, భయం కూడా వేసింది.

ఇప్పుడు మూయడం కుదరలేదు. పుస్తకం చంకన పెట్టుకుని ఎండలో బయల్దేరాడు.

భద్రమ్మ మొగుడు కురుమయ్య వాకిట్లో ఉన్ని వడుకుతున్నాడు. పోలీసు చర్య నాటి గడబిడలో సాయిబులను తరుముతుంటే మదార్ సాబును గొర్రెల దొడ్డిలో గొంగడి కప్పి దాచింది ఈ కురుమయ్యే. అందుకే డొంకతిరుగుడు లేకుండా అడిగేశాడు మదార్ సాబు.

"తమ్మీ, గా మేక పాలు పిండి పోరనికి పొయ్యి."

కురుమయ్య చేతిలో కదురు ఆగిపోయింది. "చెవి కోసిన మేక అన్నా అది!"

"అవు. కోసింది నేనే. కొయ్యుమని అల్లా చెప్పలే. గీ కితాబుల రాసున్నది." అర్థం చెప్పాడు, వేలు పెట్టి అక్షరాలు చూపించాడు. కురుమయ్యకు అక్షరాలు రావు. అయినా వంగి చాలాసేపు చూశాడు.

"మీ కితాబుల మేకల ముచ్చట గూడ ఉన్నదా?"

"ఉన్నది. ఇసొంటి పని జేసేటోళ్లు బుద్ధి వాడుతలేరని గూడ ఉన్నది."

లోపలి నుంచి భద్రమ్మ వచ్చింది. అంతా విన్నది.

"మంచిగున్నదన్నా! చెవి కోసిననాడు గీ కితాబు యాడికి పోయింది? నీ చెయ్యి ఒకటి జెప్పె, నీ నోరు ఇంకోటి జెప్పవట్టె. దేన్ని నమ్మాలె మేము?"

"అప్పుడు గూడ ఇంట్లనే ఉండె చెల్లె. నాకు అర్థం గాలె. చిలుక లెక్క చదివిన." చెప్పేసరికి ఆయనకు ప్రాణం సగం పోయినట్టయింది. "ఇప్పుడు తెలిసింది. ఆకలైన పోరని నోటికాడి పాలు దేవుడు ఎందుకు ఆపుతడు? నువ్వే ఆలోచన జెయ్యి."

"రేపు పోరనికేమన్న అయితే?"

మదార్ సాబు పిల్లవాడి వైపు చూశాడు. పిల్లవాడు అప్పటికే నీరసించిపోయి ఉన్నాడు. పాలు తాగాక ప్రాణం పోతే ఊరు తననే అంటుంది. సాయిబు మొక్కు చెరిపాడంటారు. "నా మీద వెయ్యి," అన్నాడు చివరికి.

"అయితే పాపం నీదే. నువ్వే పిండు."

కురుమయ్య చెంబు తెచ్చి ముందర పెట్టాడు. మదార్ సాబు మేక పక్కన గొంతుక్కూర్చున్నాడు. మోకాళ్లు కలుక్కుమన్నాయి. జీవితమంతా మేకల మెడలు పట్టిన చేతులవి, పొదుగు పట్టిన పాపాన పోలేదు. బిస్మిల్లా అన్నాడు. ఆ మాట వినగానే భద్రమ్మ ఉలిక్కిపడింది. ఆ మాట తర్వాత ఆమె ఎప్పుడూ నెత్తురే చూసింది.

ఆయన నొక్కితే మేక తన్నింది. మళ్లీ పట్టుకుంటే పాలు చెంబులో పడకుండా పక్కనున్న దుమ్ములో పడ్డాయి. మరోసారీ అంతే. తెల్లటి మరకలు చూస్తుండగానే మట్టిలో ఇంకిపోయాయి. ఆయనకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

భద్రమ్మ ఎంతసేపని చూస్తుంది? మందల్లో పుట్టి మందల్లో పెరిగిన మనిషి. పాలు మట్టిపాలు కావడం ఆమె వల్ల కాలేదు.

"జరుగన్నా, జరుగు! గట్ల పీకితె అది తన్నదా?"

పిల్లవాణ్ణి కురుమయ్య ఒడిలో పడేసి, మేక వీపు నిమిరి కూర్చుంది. చెంబులో చుయ్‌చుయ్‌మని ధార మొదలైంది. పొదుగు సడలుతుంటే మేక కళ్లు మూసుకుంది. ఆ పాలలో నీళ్లు కలిపి కాచి, చల్లార్చి, ఉగ్గుగిన్నెతో పోశారు. మొదటి గుక్క బయటికే వచ్చేసింది. రెండోది లోపలికి పోయింది. తర్వాత పిల్లవాడు గిన్నె అంచు వదల్లేదు.

మేక అరుపూ పిల్లవాడి ఏడుపూ రెండూ ఆగిపోయాయని మదార్ సాబుకు కాసేపటికి గానీ తెలియలేదు.

"ఇంకేమేం ఉన్నయన్నా గా కితాబుల?" కురుమయ్య అడిగాడు.

"సగమే చదివిన తమ్మీ. తతిమ్మది చదవాలంటె భయమైతాంది."

గోడ పట్టుకుని లేచి, పుస్తకం చంకన పెట్టుకున్నాడు. ఇక తన దగ్గర తాయెత్తులు అడగరు, చెవులు కోయమనరు, ఏం తినాలో అల్లాకే తెలియాలి. అయినా గుండె మీది బరువు కొంచెం దిగినట్టుంది. వాకిలి దాటబోతుంటే భద్రమ్మ పిలిచింది. ఆమె ఇంకా పిల్లవాడి మూతి తుడుస్తూనే ఉంది, తల ఎత్తలేదు.

"రేపు పొద్దుగాల రావాలె అన్నా. నువ్వు పక్కన ఉంటెనే పిండుత. నువ్వు లేకుంట నేను ముట్ట."

మదార్ సాబు ఆగిపోయాడు. ఇంత చెప్పాక కూడా, ఇంత చూశాక కూడా, ఆమెకు ఒక తాయెత్తు కావలసే వచ్చింది. మూడు తాయెత్తుల తర్వాత నాలుగోది తనే అయ్యాడు. నవ్వూ వచ్చింది, నీరసమూ వచ్చింది. రేపు పొద్దున్నే లేవాలంటే ఇప్పటినుంచే మోకాళ్లు మొరాయిస్తున్నాయి.

"వస్త చెల్లె," అన్నాడు. "నేను లేకున్నా నువ్వు పిండేదాక వస్త."