ఏడు పిన్నులు

తిరుపతి తిలక్ రోడ్డు పక్క సందులో ఏకాంబరం కంప్యూటర్ల అంగడి ఉంది. పదకొండేళ్లుగా ఆయన నీలం డబ్బాల కంపెనీ ప్రాసెసర్లు తప్ప ఇంకోటి అమ్మిన పాపాన పోలేదు. కంప్యూటరుకు మెదడులాంటి ఆ చిప్పు ఆ సందులో రెండే రకాలు. ఒకరిది నీలం డబ్బా, ఇంకొకరిది నారింజ డబ్బా. కంపెనీల పేర్లు నేను చెప్పను. అక్కడ ఎవరూ చెప్పరు, రంగు చెబితే చాలు. నీలం వాళ్లు ఒకటి తెస్తే, ఆరు నెలలు తిరక్కుండా నారింజ వాళ్లు దాన్ని తలదన్నేది తెస్తారు. సముద్రాల అవతల ఎక్కడో వాళ్లూ వాళ్లూ కొట్టుకుంటారు. ఆబోతుల పోట్లాటలో లేగల కాళ్లు విరిగినట్టు ఇక్కడ అంగళ్లు మూతపడతాయి.

రెండు నెలల కిందట నీలం కంపెనీ ఊళ్లో ఏజెన్సీ ఇచ్చింది. అన్నేళ్లు నమ్ముకున్న ఏకాంబరానికి కాదు, ఎదురంగడి ప్రతాప్‌కి. ఆ ప్రతాప్ అంతవరకూ నారింజ మనిషే. ఏకాంబరానికి తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రమే నిచ్చెన వేయించి నీలం బోర్డు దించి, పంతానికి నారింజ బోర్డు ఎక్కించాడు. పంతాలు పట్టేవాళ్లు పని కూడా తామే చేసుకుంటే లోకం ఎంతో బాగుండేది. కానీ ఆ చిప్పులు బిగించాల్సింది మోహన.

మోహన ఆ అంగట్లో చేరింది ఇరవై అయిదో ఏట. నీలం చిప్పయితే కళ్లు మూసుకుని బిగిస్తుంది. నారింజదాన్ని ముట్టుకున్నది ఈ రెండు నెలల్లోనే. ఎదురంగట్లో ఇదే పని చేసే గిరిప్రసాద్‌ది సరిగ్గా తిరగేసిన కథ. ఎనిమిదేళ్లు నారింజ చిప్పులతో కాపురం చేసి, ఇప్పుడు నీలం వాటితో తంటాలు పడుతున్నాడు. ఈ గిరిప్రసాద్ మోహనకు మేనత్త కొడుకు, కట్టుకున్న మొగుడు. ఇద్దరూ ఒకే బండి మీద వచ్చి, సందు మొదట్లో దిగి, చెరో అంగడి మెట్లెక్కుతారు.

పెళ్లయిన కొత్తలోనే ఇద్దరూ ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఇంటి గడప దాటాక కంప్యూటర్ మాట ఎత్తకూడదు. అంగళ్ల పోరు అన్నం పళ్లెం దాకా రాకూడదని మోహనే పెట్టిన నియమం అది. అందుకే మొన్నటివారం గిరిప్రసాద్ ఆమెను ఇంటి బయట మెట్టు మీదే కూర్చోబెట్టి అడిగాడు.

"మే, నీలం దాంట్లో పిన్నులు మదర్‌బోర్డు మిందనే ఉండాయి కదా. చిప్పు పెట్టేటప్పుడు ఏం జాగ్రత్త పడాల?"

మోహన నవ్వి, అరచేతిలో బిస్కెట్టు ముక్క పెట్టి చూపించింది. "నొక్కద్దు బావా. ఊరికే వదిలితే దానంతట అదే కూచుంటాది."

గిరిప్రసాద్ తల ఊపి, బిస్కెట్టు నోట్లో వేసుకుని లోపలికి పోయాడు.

ఇంతలో చంద్రగిరి దారిలో ఉన్న ఇంజనీరింగ్ కాలేజీ నుంచి కబురొచ్చింది. వాళ్లకు కొత్త ల్యాబుకు నూట ఇరవై కంప్యూటర్లు కావాలి. నీలమా, నారింజా అని కాలేజీలో వాళ్లలో వాళ్లకే పడలేదట. శుక్రవారం రెండు గంటలకు చెరో మిషన్ తెచ్చి మా ముందు నడపండి, ఏది ముందు పని ముగిస్తే దానికే ఆర్డరు అన్నారు.

"ఇది పోతే షట్టర్ దించేస్తా మోహనమ్మా," అన్నాడు ఏకాంబరం. "శ్రీకాళహస్తిలో మా అన్న హోటల్లో పోయి కూచుంటా. నా సంగతి సరే, నిన్ను తలుచుకుంటేనే బాధగా ఉండాది."

బాధపడుతూనే ఆ బరువంతా మోహన నెత్తిన పెట్టాడు. డిగ్రీ మధ్యలో ఆపేసిన ముప్పై ఆరేళ్ల ఆడమనిషిని పిలిచి స్క్రూడ్రైవర్ చేతికిచ్చే అంగడి ఊళ్లో ఇంకోటి లేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఈ పని పోతే డబ్బు మాట అట్లుంచి, తను ఎవరో తనకే చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. వారం రోజులుగా ఆమెకు అన్నం సయించడం లేదు.

శుక్రవారం పొద్దున ఏకాంబరం మద్రాసు బస్సులో వచ్చిన పార్సిల్ పట్టుకుని పరుగున వచ్చాడు. "ప్రతాప్ వాళ్లు పెద్ద ఫ్యాన్ పెట్టినారంట. మనమూ మార్చాల." అని డబ్బా బల్ల మీద పెట్టి, కపిలతీర్థం పోయి కొబ్బరికాయ కొట్టి, అట్లే ఇంట్లో భోంచేసి ఆటో తీసుకొస్తానని వెళ్లిపోయాడు.

మిషన్ నిన్ననే సిద్ధమైంది. చిప్పు మీద ఫ్యాన్ దిమ్మ అతుక్కోవడానికి మధ్యలో బూడిదరంగు పేస్ట్ పూస్తారు. చిప్పు వేడిని దిమ్మకు అందించేది అదే. మోహన నాలుగు స్క్రూలూ తీసి, పదకొండేళ్ల అలవాటు చొప్పున ఫ్యాన్‌ని రెండు చేతులా పట్టి నిట్టనిలువుగా పైకి లాగింది.

నీలం చిప్పును బోర్డుకు అదిమిపట్టే ఇనప చట్రం ఉంటుంది, ఫ్యాన్ లాగినా చిప్పు కదలదు. ఈ నారింజ చిప్పుకు ఆ చట్రం లేదు. పిన్నులు బోర్డులో కాకుండా చిప్పు అడుగునే ఉంటాయి, వెంట్రుకలంత సన్నగా, వెయ్యికి పైగా. చల్లారి బిగుసుకున్న పేస్ట్ చిప్పును పట్టేసుకుంది. ఫ్యాన్‌తో పాటు చిప్పు కూడా పెళుక్కున ఊడి వచ్చి, పక్కకు ఒరిగి బోర్డు అంచుకు తగిలింది.

మోహన తిప్పి చూసింది. ఒక మూల ఏడు పిన్నులు వాలిపోయి ఉన్నాయి. స్టూలు మీద కూలబడింది. ఇంకో చిప్పు కావాలంటే మద్రాసు నుంచి రావాలి. గడియారం చూస్తే పదకొండు. సూదితో ఒక పిన్ను లేపబోయి, మళ్లీ సూది పక్కన పెట్టేసింది. ఒక్కటి విరిగితే చిప్పు చచ్చినట్టే.

ఊళ్లో ఆ పిన్నులు నిలబెట్టడం తెలిసిన మనిషి ఒక్కడే. పందెంలో అవతలి పక్క నిలబడేదీ అతనే. పావుగంట ఫోను చేతిలో పట్టుకుని కూర్చుని, చివరికి షట్టర్ సగం దించి మొగుడికి చేసింది.

"బావా, ఒక అరగంట రాగలవా? ఏకాంబరమన్న లేడు. కాలు సేతులు ఆడటం లేదు నాకు."

గిరిప్రసాద్ సగం దించిన షట్టర్ కింద నుంచి వంగి లోపలికి వచ్చాడు. చిప్పు చూసి తిట్టలేదు, పళ్లు కూడా కొరకలేదు.

"తిప్పకుండా లాగేసినావా?"

"నీలం దాన్ని అట్లే కదా లాగేది."

"ఇది నీలం కాదు మే. కాసేపు మిషన్ నడిపి వెచ్చబెట్టాల. ఫ్యాన్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పాల. పట్టు వదిలినాక ఎత్తాల."

జేబులోంచి లోపలి పుల్ల తీసేసిన క్లిక్ పెన్సిల్, భూతద్దం తీశాడు. ఆ పెన్సిల్ మొన బోలుగా ఉంటుంది కదా, దాన్ని ఒక్కో పిన్నుకూ తొడిగి, ఊపిరి బిగబట్టి లేపసాగాడు. మోహన సీలింగ్ ఫ్యాన్ ఆపేసింది. అతని ముక్కు మీద చెమట బొట్టు జారితే కొంగుతో అద్దింది. ఏడు పిన్నులకు ఇరవై నిమిషాలు పట్టింది. తర్వాత చిప్పును బోర్డులో దాని సాకెట్ మీద పెట్టి చెయ్యి తీశాడు. "నొక్కద్దు, దానంతట అదే కూచుంటాది," అని నవ్వాడు. కొత్త ఫ్యాన్‌తో వచ్చిన చిన్న ప్యాకెట్టు పిండి, పేస్ట్ అంచుల దాకా పూసి, ఫ్యాన్ బిగించాడు. మీట నొక్కగానే తెర వెలిగింది.

మోహనకు ఏడుపొచ్చింది.

"ఇంక దాన్ని ముట్టద్దు. కాలేజీ కాడ కనపడదాం," అని వంగి వెళ్లిపోయాడు.

కథ ఇక్కడ ఆగితే ఎంత బాగుండును! ఒంటిగంటకు ఏకాంబరం నుదుట విభూతితో ఆటోలో వచ్చాడు. లోపలికి వస్తూనే అన్నాడు. "సందు మొదట్లో నీ మొగుడు కనిపించినాడమ్మా. నవ్వుకుంటా పోతా ఉండాడు. వాళ్లకు గెలిచేస్తామని ఎంత ధీమానో సూడు. ఈ ఆర్డరు వస్తే సర్వీసు సెంటరంతా గిరిప్రసాద్‌కే అప్పజెబుతానని ప్రతాప్ అన్నాడంట. నీకు తెల్దా?"

తెలియదు. గడప లోపల ఆ మాట రాదు కదా.

అంతే, మనసులో అనుమానం పురుగు దూరింది. అతనికి అంత లాభం ఉంటే నాకెందుకు సాయం చేస్తాడు? ఎందుకు నవ్వుకున్నాడు? ఏడింటిలో ఒక్కటి కావాలనే వాలుగా వదిలితే ఎవరికి తెలుస్తుంది? ముట్టద్దని అంత గట్టిగా ఎందుకు చెప్పాడు? ఛీ, ఏం బుద్ధి నాది, అని తనను తాను తిట్టుకుంది. తిట్టుకుంటూనే స్క్రూడ్రైవర్ అందుకుంది. ఏకాంబరం మానిటర్‌ని ఆటోలోకి మోస్తున్నాడు.

ఈసారి మెల్లగా తిప్పే ఎత్తింది. నేర్పినవాడి మీద అనుమానంతో, అతను నేర్పిన పద్ధతిలోనే. అతను మరిచిపోయిన భూతద్దం పెట్టి పిన్నులు ఒక్కొక్కటే చూసింది. ఏడూ దువ్వెన పళ్లంత తిన్నగా ఉన్నాయి. రెండోసారి లెక్కపెట్టింది. ఏ ఏడు వంగాయో కూడా ఇప్పుడు చెప్పడం కష్టం. అంత సుబ్బరంగా చేశాడు.

సిగ్గుతో ముఖం వేడెక్కింది. చిప్పు తిరిగి పెట్టింది గానీ పేస్ట్ చెదిరిపోయి, మధ్యలో పాయలు పాయలుగా విడిపోయి ఉంది. ప్యాకెట్టు పిండితే ఏమీ రాలేదు. సొరుగులోని పాత ట్యూబు ఎండి రాయైంది. బయట ఆటో హారన్ కొడుతోంది. అంచుల్లో మిగిలినదాన్ని వేలితో మధ్యకు సర్ది, ఫ్యాన్ బిగించేసింది. పర్లేదులే, అరగంట పనేగా అనుకుంది.

కాలేజీలో ల్యాబు చూసుకునే పంకజాక్షి మేడమ్ రెండు మిషన్లలోనూ ఒకే ఫైలు వేసింది. శ్రీహరికోటలో రాకెట్ ఎగిరినట్టు పిల్లలు కంప్యూటర్లో గీసిన బొమ్మ అది. ఆ పొగా మంటా అంతా లెక్కగట్టి తుది బొమ్మ తీయడానికి ఏ మిషన్‌కైనా అరగంటకు తక్కువ పట్టదు. ఒక్కసారే రెండు మీటలూ నొక్కారు.

పది నిమిషాల దాకా మోహన మిషనే ముందుంది. ఏకాంబరం చేతులు నలుపుకుంటున్నాడు. పన్నెండో నిమిషానికి ఫ్యాన్ మోత పెరిగింది. తెర మూలన వేడి చూపించే అంకె డెబ్బై, ఎనభై రెండు, తొంభై దాటింది. వేడెక్కిన చిప్పు కాలిపోకుండా తన వేగం తానే తగ్గించుకుంటుంది. పని ఎంతయిందో చూపే గీత నత్తలా పాకసాగింది. అటుపక్క నీలం మిషన్ ఒకే తీరున సాగిపోతోంది.

మోహన మొగుడి వైపు చూసింది. గిరిప్రసాద్ తన తెర చూసుకోవడం లేదు. నుదురు చిట్లించి ఈమె మిషన్‌లోని ఆ అంకెనే చూస్తున్నాడు. అతను ఓడినవాడిలా నిలబడి ఉన్నాడు.

నీలం మిషన్ ముప్పై రెండో నిమిషాన ముగించింది. నారింజది ముప్పై ఆరుకు. ప్రతాప్ అందరితో చేతులు కలిపాడు. ఏకాంబరం విభూతి తుడుచుకుని, "సామాను సర్దమ్మా," అన్నాడు. ఆ మాటలో కోపమైనా ఉంటే మోహన తట్టుకునేది.

గిరిప్రసాద్ వచ్చి మిషన్ మీద అరచెయ్యి పెట్టి చూశాడు. "అంచుల దాకా పూసినాను కదా. ఇంత వేడి ఎందుకెక్కింది?" అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. వైరు చుడుతున్న మోహన కుడి చేతి మీద అతని చూపు ఆగింది. చూపుడు వేలి గోటి సందులో బూడిదరంగు ఉంది. ఆమె వేలు మడుచుకుంది.

సాయంత్రం ఇద్దరూ బండి మీద ఇంటికి వచ్చారు. గిరిప్రసాద్ తాళం తీసి, గడప దాటి లోపల కాలు పెట్టాడు. మోహన మెట్టు కిందే నిలబడిపోయింది. గడప దాటితే ఇక ఆ మాట చెప్పే వీలుండదు. చెప్పకుండా ఆ ఇంట్లో అన్నం వండుకు తినడం తన వల్ల కాదు.

"బావా, నేను మళ్లీ తెరిచినాను. పిన్ను వంకరగా వదిలినావేమో అని తెరిచి సూసినాను. ఏడూ సరిగ్గా ఉండినాయి."

గిరిప్రసాద్ వెనక్కి తిరిగి, గడప ఇవతలికి వచ్చి, వారం కిందట ఆమెను కూర్చోబెట్టిన మెట్టు మీదే తనూ కూర్చున్నాడు.

"ఈ పొద్దు నా మిషన్లో చిప్పు పెట్టింది నువ్వు బిస్కెట్టుతో సూపించినట్టే మే," అన్నాడు. "నువ్వూ అవతలి అంగడిదానివే కదా. నాకు ఒక్కసారి కూడా తెరిచి సూడాలని అనిపించలేదు."

మోహన ఆ మెట్టు మీద కూర్చోవడానికి చోటు ఉంది. అతను కొంచెం జరిగాడు కూడా. ఆమె మాత్రం కూర్చోలేక, గోటిలోని బూడిదరంగును కొంగుతో రుద్దుతూ అట్లే నిలబడింది.