సత్తెమ్మ సంతకం

సత్తెమ్మ తన పేరు రాసేది కాదు, ముగ్గు వేసినట్టు వేసేది. ఎడమ పక్కన మొదలుపెట్టి, తోక తిప్పి, మధ్యలో కొక్కెం దించి, చివరికి పెద్దది ఒకటి, దాని కాళ్ల దగ్గర చిన్నది ఒకటి పెట్టి బలపం ఎత్తేది. ఆ చివరి రెండింటికీ తల్లీపిల్ల అని పేరు పెట్టుకుంది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్లీ మొదటినుంచి వేయాల్సిందే.

నేర్పింది వీరలక్ష్మి. పదిహేనేళ్ల పిల్ల. ఊరి బడిలో ఏడో తరగతి పాసై, పై చదువుకు లింగంపల్లి దాకా నడిచి పోవడానికి ఇంట్లో ఒప్పుకోక, పొయ్యి దగ్గర ఆగిపోయింది. నల్లగండ్ల దాటాక గుండ్ల మధ్య ఉండే ఆ ఊరికి వయోజన విద్యా కేంద్రం వచ్చినప్పుడు, మగమనిషి ముందు ఆడవాళ్లు కూర్చోరని బడిపంతులు యజ్ఞనారాయణ ఈ పిల్లను పిలిచాడు. ఆయనది కృష్ణా జిల్లా. "నువ్వు అక్షరాలు దిద్దించమ్మా, మిగతాది నేను చూసుకుంటాను" అన్నాడు. వీరలక్ష్మి తల ఊపింది. ఎదుటివాళ్ల ముఖం చూసి మాట్లాడటం ఆమెకు చేతకాదు. చెప్పాల్సిన మాట గొంతుదాకా వచ్చి అక్కడే కూర్చుంటుంది.

చావడి అరుగు మీద పొద్దు వాలే వేళ కూర్చునేవారు. పేర్లు ముప్పై, వచ్చేది పదకొండు మంది. ఒక్కరోజు కూడా మానంది సత్తెమ్మ. భర్త పోయి నాలుగేళ్లు. చెరువు కింద ఎకరన్నర పొలం ఆమెకున్న ఒకే ఆధారం. దాన్ని మరిది రాజయ్య తన పొలంతో పాటు దున్నిపెట్టేవాడు, పంటలో పాలు తీసుకునేవాడు.

"నీకు సదువు దేనికి చిన్నమ్మా?" అని మొదటి రోజు వీరలక్ష్మి మెల్లగా అడిగింది.

"బస్సు మీద ఏం రాసుంటదో సదవాలె. పోయినేడు దవాఖానకని ఎక్కి పటాన్‌చెరువుల దిగిన. ఇగ ఇంట్ల పెట్టెల భూమి కాయితం ఉన్నది. మీ చిన్నాయన పోయినంక దాని మొకం సూసుడే గని, అదేమంటదో ఎరుకలేదు."

మూడు నెలల్లో అచ్చులు అయ్యాయి. హల్లుల్లో సగం వచ్చాయి. సత్తెమ్మ పలకను మోకాలి మీద పెట్టుకుని, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని 'పలక' అని కూడబలుక్కుని చదివిన రోజున అందరూ నవ్వారు, ఆమె నవ్వలేదు. ఇంకోసారి చదివింది.

అప్పుడు పైనుంచి చీటీ వచ్చింది. మూడు వారాల్లో ఆఫీసరు తనిఖీకి వస్తాడు. సంతకం చేయగలిగినవాళ్లను లెక్కలోకి తీసుకుంటాడు. యజ్ఞనారాయణ చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అక్షరాలు ఆపేద్దామమ్మా. ఎవరి పేరు వాళ్లకు వస్తే చాలు. లేకపోతే కేంద్రం ఎత్తేస్తారు, నన్ను ఏ ఆదిలాబాదుకో పంపుతారు."

వీరలక్ష్మి తల ఊపింది.

అలా ముగ్గులు మొదలయ్యాయి. ఒకరోజు సత్తెమ్మ పక్కనున్న రుక్కమ్మ పలకలోకి వంగి చూసింది.

"నీ పేరుల నా తల్లీపిల్ల ఎందుకొచ్చినయే రుక్కా?"

"నా కోడి నీ ఇంట్ల గుడ్లు పెడతలేదా? దాని బదులనుకో."

నవ్వులాట అయింది. ఇద్దరి పేర్లలోనూ చివరి అక్షరం ఒకటేనని, దాన్ని పట్టుకుంటే అమ్మ, కొమ్మ, బొమ్మ అన్నీ వస్తాయని వీరలక్ష్మికి చెప్పాలనిపించింది. వారం రోజులే మిగిలాయి. చెప్పలేదు.

తనిఖీకి జీపు వచ్చింది. ఆఫీసరు కుర్చీలో కూర్చుని కొబ్బరినీళ్లు తాగాడు. పదకొండు మంది వరుసగా వచ్చి రిజిస్టరులో సంతకాలు పెట్టారు. సత్తెమ్మ ముందు పెట్టింది. తరువాత ఫొటో తీస్తామని ఆమె చేతికి ఒక పుస్తకం ఇచ్చి, చదువుతున్నట్టు కళ్లు అటూ ఇటూ తిప్పమన్నారు. తిప్పింది. వాళ్లు వెళ్లిపోయాక యజ్ఞనారాయణ రిజిస్టరు వీరలక్ష్మి ముందు పెట్టాడు. చివరి గడిలో 'చదవగలదు' అని పదకొండు చోట్ల రాయించాడు. "నీ దస్తూరి ముత్యాల్లా ఉంటుందమ్మా." ఆమె రాసింది. పది రోజులకు పేపర్లో మూడు వరుసల వార్త, పైన సత్తెమ్మ ఫొటో వచ్చాయి.

ఆ రోజు నుంచి సత్తెమ్మ ఎక్కడా వేలిముద్ర వేయలేదు. కంట్రోల్ దుకాణంలో చక్కెరకు పోయి కలం అడిగి తీసుకుంది. వెనక వరుసలో ఉన్నవాళ్లు జర జల్దీ కానియ్యమని సణిగినా, తల్లీపిల్ల అయ్యేదాకా కదల్లేదు.

ఆ ఊళ్లో కాగితాలకు ఒక పద్ధతి ఉంది. వేలిముద్ర వేసేవాళ్లకు ముందు కాగితం చదివి వినిపించాలి. చావడిలో పదిమంది మధ్య, పట్వారీ గట్టిగా చదువుతాడు. అర్థం కాకపోతే మళ్లీ చదవమంటారు, మధ్యలో ముసలోళ్లు అడ్డం తగులుతారు, ఒక్కోసారి పొద్దు గడిచిపోతుంది. ఆ తరువాతే సిరా. సంతకం పెట్టేవాళ్లకు ఇదేమీ ఉండదు. వాళ్లే చదువుకుంటారు. సంతకం వచ్చినవాళ్లకు చదివి వినిపిస్తాననడం తిట్టినట్టు లెక్క.

ఆ యేడు గచ్చిబౌలి దిక్కున ఏదో పెద్ద చదువుల జాగా కోసం భూములు కొలుస్తున్నారన్న మాట వచ్చింది. అంతవరకు ఎవరూ పట్టించుకోని చెలకల గురించి కూడా జనం ఆరా తీస్తున్నారు. రాజయ్య ఒక మధ్యాహ్నం స్టాంపు కాగితం పట్టుకుని చావడికి వచ్చాడు. వెనక సత్తెమ్మ. పలకలు తుడిచి పెట్టెలో పేరుస్తున్న వీరలక్ష్మి స్తంభం పక్కకు జరిగింది.

"భూమి పహాణీల అన్న పేరు తీసి నీ పేరు ఎక్కిచ్చుడు, గంతే వదినె," అన్నాడు రాజయ్య. "కొలిచేటోళ్లు వస్తే పరేషాన్ ఉండొద్దని."

అరుగు మీదున్న ముసలి వీరేశం గొంతు సవరించుకున్నాడు. "పట్వారీని పిలువున్రి, జర సదువుతడు."

"ఎవలకు సదువుతడు?" రాజయ్య నవ్వాడు. "మా వదినె పేపర్ల పడ్డది. గామెకు సదివి వినిపిస్తవా? నీకు వినిపియ్యాలె గని."

అందరూ సత్తెమ్మ వైపు చూశారు. ఆమె కాగితం అందుకుంది. ఫొటో రోజున తిప్పినట్టే కళ్లు అటూ ఇటూ తిప్పింది. పై వరుస, కింది వరుస. వీరలక్ష్మికి ఆ చూపు తెలుసు. ఆ కళ్లు ఎక్కడా ఆగడం లేదు. చదివే కళ్లు ఆగుతాయి.

నాలుగడుగులు వేస్తే కాగితం తన చేతికి వస్తుంది. చిన్నమ్మా, నేను సదువుతా అంటే చాలు. అంటే, ఆమెకు చదువు రాదని పదిమందిలో చెప్పినట్టు. రాదంటే, రిజిస్టరులో రాసిన పదకొండు గడులు ఎవరి దస్తూరి? మాట గొంతుదాకా వచ్చింది. అక్కడే కూర్చుంది.

సత్తెమ్మ కలం అడిగి, మోకాలు మడిచి, పేరు వేసింది. వేశాక కాగితాన్ని స్తంభం వైపు తిప్పింది.

"లచ్చిమీ, మంచిగొచ్చిందా?"

దూరం నుంచి పేరే కనబడింది. పై వరుసలు రాజయ్య బొటనవేలి కింద ఉన్నాయి.

"మంచిగొచ్చింది చిన్నమ్మా," అంది వీరలక్ష్మి.

తొలకరికి రాజయ్య పొలం దున్నాడు. ఎప్పుడూ దున్నేదే కదా అనుకుంది సత్తెమ్మ. నారు పట్టుకుని పోతే గట్టు మీదే ఆపాడు. "ఇగ నీకేం పని వదినె? రాసిచ్చినవు గద." ఆ కాగితం నకలును పట్వారీ దగ్గర చదివించుకుంటే, నా వాటా నా మరిదికి ఇష్టపూర్వకంగా వదిలితిని, ఇది నేను స్వయముగా చదువుకొని, అర్థము చేసుకొని చేసిన సంతకము, అని ఉంది.

సత్తెమ్మ పంతులు దగ్గరికి పోయింది. "సారూ, నాకు సదువు రాదని ఒక్క ముక్క రాసియ్యున్రి."

యజ్ఞనారాయణ ఆమె కాళ్ల వైపు చూశాడు. "పైకి పంపేశానమ్మా రిజిస్టరు. ఇప్పుడు కాదంటే నా ఉద్యోగం పోతుందండి. ముగ్గురు పిల్లలు." ఆమెను అండి అనడం అదే మొదలు.

అర్జీ వీరలక్ష్మే రాసింది. నేను నేర్పినది పేరు మాత్రమే, చదువు నేర్పలేదు, రిజిస్టరులో రాసినది అబద్ధము, అని తన పేరు పెట్టింది. తండ్రికి తెలిస్తే కాళ్లు విరగ్గొడతాడు. అయినా పెట్టింది. సత్తెమ్మ ఆ అర్జీని రెండుసార్లు చదివించుకుంది. కలం ఇస్తే వద్దంది. బొటనవేలు సిరాలో ముంచింది.

ఇద్దరూ తాలూకా కచేరీకి పోయారు. మధ్యాహ్నం దాకా గోడవారగా నిలబడ్డారు. గుమాస్తా అర్జీ చూశాడు, పక్కన రాజయ్య కాగితం నకలు పెట్టుకుని చూశాడు.

"ఆడ సంతకం, ఈడ వేలిముద్ర. సంతకం వచ్చినామె ముద్ర ఎందుకు వేస్తది? ఇది నువ్వేనని ఏం సాక్ష్యం?"

"నేనే అయ్యా."

"పేపర్ల ఫొటో కూడా ఉన్నదంట గద, నీ మరిది చూపించి పోయిండు. సదువుకున్నోళ్లు గిట్ల నాటకాలు ఆడొద్దు." తరువాత వీరలక్ష్మి వైపు చూశాడు. "ఇది రాసింది నువ్వా? వయసెంత?"

"పదిహేను." ఆ ఒక్క మాటా బయటికి వచ్చింది.

"మైనరువి. నీ సంతకం చెల్లదు." అర్జీని తిరిగి ఇచ్చేశాడు.

బస్సు ఆగే చోట నీడ లేదు. సత్తెమ్మ బొటనవేలికి అంటిన సిరాను చీర కుచ్చెళ్లకు తుడుచుకుంటూ ఉండిపోయింది. ఏడవలేదు, తిట్టలేదు. తిడితే బాగుండునని వీరలక్ష్మికి అనిపించింది. రెండు బస్సులు వచ్చి పోయాయి. మూడోది ఆగింది.

"మనదే చిన్నమ్మా, ఎక్కు."

సత్తెమ్మ కదల్లేదు. బోర్డు వైపు చూస్తోంది, కళ్లు దేని మీదా ఆగకుండా.

"సదువు," అంది.

"లింగంపల్లి."

"మల్ల సదువు. గట్టిగ."

కండక్టరు విసుగ్గా బస్సును చేత్తో కొట్టాడు. వీరలక్ష్మి నలుగురూ వినేలా ఇంకోసారి చదివింది. అప్పుడు సత్తెమ్మ మెట్టు ఎక్కింది.